పదిమందిలో ఒకడు

ఇంగ్లీషులో కొన్ని మాటలున్నాయి. వాటిని వాడగానే ఎవరో ఒకరు పక్కనుంచి అందుకుని "దాని అసలర్థం అది కాదండీ" అంటారు. 'డెసిమేట్' ఆ జాబితాలో మొదటి వరసలో ఉంటుంది. తుఫాను అరటితోటల్ని డెసిమేట్ చేసిందని రాయండి. కోవిడ్ చిన్న చిన్న మెస్సుల్ని డెసిమేట్ చేసిందని రాయండి. "ఓహో, పదోవంతే పోయిందన్నమాట. మిగతా తొమ్మిది వంతులూ క్షేమమే కదా!" అని నవ్వేవాళ్ళు తప్పకుండా తగుల్తారు. వాళ్ళ నవ్వులో న్యాయం లేకపోలేదు. ఆ మాట లోపల 'పది' అనే అంకె నిజంగానే దాక్కుని ఉంది. దాన్ని అక్కడ పెట్టింది రోమన్ సైన్యం.

ఈ తగువు చాలా చదివాను. రెండు పక్షాలవాళ్ళూ ఎంతసేపూ ఆ అంకె గురించే మాట్లాడుకుంటారు. పదోవంతా, సగమా, ముప్పాతికా? నాకు మాత్రం ఆ మాటలోంచి జారిపోయిన అసలు సంగతి అంకె కాదేమో అనిపిస్తుంది. అదేమిటో చెప్పాలంటే ముందు రోము దాకా వెళ్ళి రావాలి.

*

లాటిన్లో 'దెకెమ్' అంటే పది. మన 'దశ'కీ దానికీ చుట్టరికం ఉంది, రెండూ ఒకే పాత ఇండో యూరోపియన్ వేరునుంచి వచ్చినవి. 'దెకిమారె' అంటే పదింట ఒకటి తీయడం. యుద్ధంలో ఒక దళం దళమంతా చోటు వదిలి పారిపోయిందనుకోండి. సైన్యపు చట్టం ప్రకారం అది చావుకి తగిన నేరం. కానీ అందర్నీ చంపేస్తే రేపు యుద్ధానికి ఎవరు వెళ్తారు? అందర్నీ వదిలేస్తే రేపు యుద్ధంలో ఎవరు నిలబడతారు? ఈ చిక్కుకి రోమన్లు కనిపెట్టిన ఉపాయం చీటీలు తీయడం.

క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో పోలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు రోముకి బందీగా వచ్చాడు. అక్కడి పెద్ద కుటుంబాలకి దగ్గరై, వాళ్ళ సైన్యాన్ని లోపలినుంచి చూశాడు. తన చరిత్ర ఆరో భాగంలో ఈ శిక్ష గురించి రాశాడు. ట్రిబ్యూన్ అనే అధికారి లీజియన్ మొత్తాన్ని సమావేశపరుస్తాడు. తప్పు చేసినవాళ్ళని ముందుకి పిలిచి గట్టిగా తిడతాడు. తర్వాత చీటీలు తీస్తారు. ఒక్కోసారి ఐదుగురు, ఒక్కోసారి ఎనిమిదిమంది, ఒక్కోసారి ఇరవైమంది. మొత్తం మీద తప్పు చేసినవాళ్ళలో దాదాపు పదోవంతు వచ్చేలా. చీటీ ఎవరికి పడితే వాళ్ళని కర్రలతో కొట్టి చంపుతారు.

ఈ కర్రల సంగతి ఆయన అంతకు కాస్త ముందే, కాపలా దగ్గర నిద్రపోయిన సైనికుడికి వేసే శిక్ష చెప్తూ వివరిస్తాడు. ట్రిబ్యూన్ ఒక కర్ర తీసుకుని ఆ మనిషిని ఊరికే తాకుతాడు, అంతే. ఆయన పని అయిపోయింది. ఆ తర్వాత శిబిరంలో ఉన్నవాళ్ళంతా మీదపడి కర్రలతో, రాళ్ళతో కొడతారు. ఎవడైనా ప్రాణాలతో తప్పించుకుని బయటపడ్డా లాభం లేదు. సొంత ఊరికి వెళ్ళకూడదు, అయినవాళ్ళెవరూ ఇంట్లోకి రానివ్వరు.

పది శాతం లెక్క తీసేవాళ్ళు ఈ భాగం దగ్గర సాధారణంగా ఆగరు. నేను ఆగిపోయింది ఇక్కడే. చంపేది శత్రువు కాదు, తలారి కూడా కాదు. నిన్నటిదాకా ఒకే గుడారంలో పడుకున్నవాళ్ళు, ఒకే కుండలో వండుకు తిన్నవాళ్ళు. పైవాడు తాకుతాడు, పక్కవాళ్ళు కొడతారు.

మిగిలినవాళ్ళ సంగతి కూడా పోలిబియస్ మర్చిపోలేదు. వాళ్ళకి ఆ రోజునుంచి గోధుమలకి బదులు బార్లీ కొలిచి ఇస్తారు. రోమన్లకి బార్లీ పశువుల దాణా. పైగా గుడారాలు శిబిరం గోడకి బయట, రక్షణ లేని చోట వేసుకోమంటారు. చీటీ ఎవరికి పడుతుందో తెలీదు కాబట్టి భయం అందరికీ సమానం, బార్లీ అవమానం కూడా అందరికీ సమానం. అందుకే ఇది మంచి పద్ధతి అని పోలిబియస్ మెచ్చుకుంటాడు కూడా.

ఈ శిక్ష తరచుగా వేసేవాళ్ళని అనుకోకండి. క్రీ.పూ. 471లో అప్పియస్ క్లాడియస్ అనే కాన్సుల్ వోల్షియన్ల మీద యుద్ధంలో పారిపోయి వచ్చిన తన సైన్యం మీద ఇది ప్రయోగించాడని లివీ రాశాడు. తర్వాత చాలాకాలానికి, క్రీ.పూ. 71లో, స్పార్టకస్ తిరుగుబాటు అణచడానికి వెళ్ళిన క్రాసస్ దుమ్ము దులిపి మళ్ళీ దీన్ని బయటికి తీశాడు. ముందుగా పారిపోయిన 500 మందిని పదేసిమంది చొప్పున 50 గుంపులు చేసి, గుంపుకొకణ్ణి చంపించాడని ప్లూటార్క్ లెక్క. అప్పియన్ ఇంకో కథనం చెప్తాడు, దాని ప్రకారం పోయినవాళ్ళు 4000 మంది దాకా ఉన్నారు. అంటే డెసిమేషన్లో ఎంతమంది పోయారన్న తగువు రెండు వేల ఏళ్ళనాడే మొదలైంది!

పాత కథలే కదా అనుకోవడానికి లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో జనరల్ కాదోర్నా నడిపిన ఇటలీ సైన్యం చీటీలు తీసి సొంత సైనికుల్నే కాల్చి చంపింది. 1917 జులైలో శాంతా మరియా లా లోంగా అనే ఊళ్ళో తిరగబడిన కతంజారో బ్రిగేడ్ కథ అక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

*

ఇంగ్లీషులోకి వచ్చాక ఈ మాటకి ఇంకో జీవితం మొదలైంది. లాటిన్లోనే 'దెకిమారె'కి పదోవంతు పన్ను తీసుకోవడం అనే శాంతియుతమైన అర్థం కూడా ఉంది. మన క్రైస్తవ కుటుంబాల్లో 'దశమభాగం' అంటారే, అదే. 1655లో క్రామ్‌వెల్ ఓడిపోయిన రాజు పక్షం వాళ్ళ ఆస్తుల మీద ఆదాయంలో పదోవంతు పన్ను వేశాడు. దాని పేరు డెసిమేషన్ టాక్స్. ఎవరి ప్రాణాలూ పోలేదు, జేబులు మాత్రం చిల్లుపడ్డాయి.

'చాలామందిని పొట్టన పెట్టుకోవడం' అనే వదులు అర్థం కూడా పదిహేడో శతాబ్దంలోనే వచ్చేసింది. జ్వరాలు, కరువులు, యుద్ధాలు జనాన్ని డెసిమేట్ చేస్తూ వచ్చాయి. రెండొందల ఏళ్ళపాటు ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉన్నట్టు లేదు. 1870లో రిచర్డ్ గ్రాంట్ వైట్ అనే అమెరికన్ విమర్శకుడు ఇది తప్పని పుస్తకంలో రాశాడు. అప్పట్నుంచీ తగువు నడుస్తూనే ఉంది. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో మధ్యేమార్గం చెప్పాడు. చాలామంది పోయారనే అర్థంలో వాడటం సహజమే, కానీ పక్కన ఇంకో శాతం తగిలించి '80 శాతం డెసిమేట్' అని మాత్రం అనకండి అన్నాడు. ఇది నాకు సబబుగానే తోస్తుంది. 2008లో అమెరికాలో లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ ఏటా వేసే 'బహిష్కరించాల్సిన మాటల' పట్టీలో డెసిమేట్ కూడా చేరింది. నిఘంటువులవాళ్ళు మాత్రం చలించలేదు. జనం ఏ అర్థంలో వాడుతున్నారో అదే రాసుకుంటూ పోయారు.

నాకైతే నిఘంటువులవాళ్ళ పక్షమే నచ్చుతుంది. ఎందుకంటే ఇదే న్యాయం తెలుగుకి వర్తింపజేస్తే మనం వంట కూడా చేసుకోలేం. 'నూనె' అంటే నువ్వుల నెయ్యి. ఆ లెక్కన కొబ్బరినూనె, వేరుశనగనూనె అన్నీ తప్పులే. 'చెంబు' అంటే రాగి. ఇవాళ మనింట్లో ఉన్నవి స్టీలు చెంబులు. 'ఛాందసుడు' ఒకప్పుడు వేదం చదువుకున్నవాడు. దేవుడికి చేసే సేవ పేరు 'కైంకర్యం', ఇప్పుడు ఆలయం భూములు కైంకర్యం చేసినవాడి గురించి పేపర్లో చదువుతాం. పదో తరగతి తెలుగు వాచకం వెనక వ్యాకరణంలో అర్థవ్యాకోచం, అర్థసంకోచం అని బట్టీపట్టినవి గుర్తున్నాయా? నూనె మొదటిదానికి ఉదాహరణ. డెసిమేట్ కూడా అంతే, ఇంగ్లీషువాళ్ళ నూనె. నూనెలోంచి నువ్వులు పోయినట్టు అందులోంచి పది పోయింది.

అంకెల విషయంలో మనం ఇంకా ఉదారులం. 'పదహారణాల తెలుగమ్మాయి' అంటాం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణాలు పోయి తరాలైనా ఆ అమ్మాయికి ఒక్క అణా కూడా తగ్గలేదు. 'నలుగురూ ఏమనుకుంటారు' అంటే ఆ నలుగురి పేర్లు ఎవరూ అడగరు. 'పదిమందిలో పరువు పోయింది' అంటే తలలు లెక్కపెట్టరు. పదిమంది అంటే లోకం. పదిమందిలో మాట, పదిమందికి పనికొచ్చే పని, పదిమంది మెచ్చే కొడుకు. తెలుగులో పది అనేది అంకె కంటే ముందు సమాజం.

సైన్యపు మాటల్ని వదులుగా వాడటంలో కూడా మనం తక్కువ తినలేదు. సినిమా మొదటి వారంలోనే బాక్సాఫీసుని 'కొల్లగొడుతుంది'. వానాకాలం రాగానే దోమలు 'దండెత్తుతాయి'. ఐపీఎల్ మర్నాడు పేపరు తీస్తే ఎవరో బ్యాటర్ బౌలర్లని 'ఊచకోత కోసి' ఉంటాడు. నెత్తురు చుక్క లేని ఊచకోత! అదే పేపర్లో లోపలి పేజీలో నిజమైన ఊచకోత వార్త కూడా ఉండొచ్చు. రెండింటికీ మనం తడబడం. భాష మనల్ని తడబడనివ్వదు.

*

నిజానికి ఈ మాటతో నా పరిచయం పేపర్లలోనో నవలల్లోనో జరగలేదు. ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పేపర్లో 'డెసిమేషన్ ఇన్ టైమ్' ఎఫ్‌ఎఫ్‌టీ లెక్క రాకుండా సెమిస్టర్ గడిచేది కాదు. ఎనిమిది పాయింట్ల బటర్‌ఫ్లై బొమ్మ స్కేలు పెట్టి గీస్తే సగం మార్కులు గ్యారంటీ. గుంటూరులో, వరంగల్లో, ఇబ్రహీంపట్నంలో హాస్టల్ గదుల్లో కూర్చుని కొన్ని లక్షలమందిమి డెసిమేషన్ చేశాం. అందులో పది ఊసే లేదు, సంఖ్యల వరసని సరి, బేసి అని సగానికి చీల్చడమే. రోము పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ సబ్జెక్టులోనే ఇంకో డెసిమేషన్ ఉంది. ఒక శబ్దాన్ని సెకనుకి 48,000 సార్లు కొలిచి దాచారనుకోండి. ఫోన్ మాటకి 8,000 చాలు. అప్పుడు ప్రతి ఆరింటిలో ఒకటి ఉంచుకుని మిగతా ఐదూ పారేస్తారు. దీన్ని ఆరుతో డెసిమేట్ చేయడం అంటారు. ఇక్కడ తమాషా గమనించారా? రోములో చీటీ పడ్డవాడు పోతాడు, తొమ్మిదిమంది మిగుల్తారు. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఒకడు మిగుల్తాడు, మిగతావాళ్ళంతా పోతారు. మాట తిరగబడింది, అయినా ఏ ఇంజనీరూ ఫిర్యాదు చేయలేదు.

ఒక జాగ్రత్త మాత్రం పాఠంలో నొక్కి చెప్తారు. పారేసేముందు ఫిల్టర్ వేయాలి. అలా వేయకపోతే పారేసిన వాటి జాడలు మిగిలినవాటిలో దొంగ రూపంలో కలిసిపోతాయి. దాన్ని ఏలియాసింగ్ అంటారు. ఒకసారి కలిశాక విడదీయడం కుదరదు. తీసేసినవి పూర్తిగా పోవు, ఉన్నవాటిని పాడుచేస్తాయి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న ఇది. ఐదు మార్కులకి మించిన విషయమని తర్వాత తెలిసింది.

*

2023 మొదట్లో మా కంపెనీ దాదాపు పదిశాతం మందిని తీసేసింది. ఆ ఏడాది చాలా కంపెనీలు చేసిన పనే కాబట్టి మాదేదో వింతని చెప్పడం లేదు. మా టీములో పద్నాలుగుమందిమి. పొద్దున్న లేచేసరికి ఇద్దరి లాప్‌టాప్‌లు తెరుచుకోవడం మానేశాయి. అందులో ఒకాయన నా పక్క సీటు. రాజమండ్రి మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నేను అన్నా అంటాను, ఆయన నన్ను గురూ అంటాడు. మేం వాడే పేమెంట్స్ కోడులో సగం ఆయన చేతిమీదుగా వెళ్ళిందే. బయటి సైట్లలో వార్త 'టీములు డెసిమేట్ అయ్యాయి' అని వచ్చింది. మొదటిసారి ఆ మాటని అక్షరాలా సరైన అంకెతో వాడటం చూశాను. పది శాతానికి పది శాతం. అంకె పట్టుకుని నవ్వేవాళ్ళకి ఆ రోజు నవ్వే అవకాశం లేదు.

పది శాతం అనే అంకె మా రంగంలో ఊరికే వచ్చింది కాదు. 1981 నుంచి 2001 దాకా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీని నడిపిన జాక్ వెల్చ్ ఉద్యోగుల్ని ఏటా మూడు వాటాలు చేయించేవాడు. పైన ఇరవై శాతం, మధ్యలో డెబ్భై, అడుగున పది. ఆ అడుగు పదిమందీ వెళ్ళిపోవాల్సిందే. ఇది తర్వాత ఎన్నో కంపెనీలకి పాకింది. వెల్చ్ రోమన్ చరిత్ర చదివి చేశాడని నేననను. పదివేళ్ళున్న జంతువు కోత కోయాలనుకుంటే మొదట తట్టే అంకె అదేనేమో.

తీసేసిన రెండోరోజు నా పేరు మీద ఒక టికెట్ పడింది. రాత్రిపూట సిస్టమ్ పడిపోతే ఎవరికి ఫోన్ వెళ్ళాలో వరసగా పేర్లు రాసిన ఫైలు ఒకటి ఉంటుంది. అందులోంచి ఆ రెండు పేర్లూ తీసేయాలి. రెండు లైన్ల పని. లైన్లు చెరిపి మార్పు పంపాను. తెరమీద రెండు ఎర్రటి వరసలు, వాటిముందు రెండు మైనస్ గుర్తులు. అలాంటి ప్రతి మార్పునీ టీములో ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే అది లోపలికి వెళ్తుంది. ఆ వంతు పోయినేడాది చేరిన అమ్మాయికి వచ్చింది. మామూలుగా ఐదు నిమిషాల్లో అప్రూవ్ కొట్టే పిల్ల. ఆ రోజు మధ్యాహ్నం దాకా కొట్టలేదు. చివరికి నా సీటు దగ్గరికొచ్చి నిలబడింది.

"అన్నా, ఇది నేనే చేయాలా?"

"ఎవరో ఒకరు చేయాలి కదమ్మా. లేకపోతే రాత్రి రెండింటికి ఆయనకే ఫోన్ వెళ్తుంది."

ఆ మాట నిజం. తీసేసిన కంపెనీ నుంచి రాత్రి రెండింటికి ఫోన్ రావడం కంటే పేరు చెరిపేయడమే ఆ మనిషికి మర్యాద. ఆ అమ్మాయికీ ఆ సంగతి తెలుసు. వెళ్ళి నొక్కింది. ఎప్పుడూ కింద 'బాగుంది' అని రాసే చోట ఏమీ రాయలేదు.

పోలిబియస్ చెప్పిన కర్ర నాకు మనసుకెక్కింది ఆ సాయంత్రమే. పైవాడు తాకాడు, అంతే. నిర్ణయం ఎక్కడో సముద్రానికి ఆవల, మేమెవరం చూడని గదిలో జరిగింది. కానీ చాట్ గ్రూపులోంచి తీయడం, ఆయన కట్టిన కోడు మీద ఆయన పేరు మార్చడం, డెస్కు సొరుగులో ఉన్న కళ్ళజోడూ, పాప బొమ్మున్న కప్పూ అట్టపెట్టెలో సర్ది కొరియర్‌కి ఇవ్వడం, ఇవన్నీ పన్నెండుమందిమి పంచుకుని చేశాం. మాలో ఎవరికీ కోపం లేదు, ద్వేషం లేదు. ఒక్కో పని మామూలు పనే.

తర్వాత బార్లీ కూడా వచ్చింది. ఆ ఏడు జీతాలు పెరగలేదు. రాత్రి డ్యూటీ వంతులు దగ్గర దగ్గరగా వచ్చాయి. సాయంత్రం పెట్టే సమోసాలు ఆగిపోయాయి. దాని గురించి ఒక్కరు కూడా నోరెత్తలేదు. అంతకుముందు చట్నీ పలచగా ఉందని మెయిల్ పెట్టినవాళ్ళం! చీటీ పడనివాడికి ఫిర్యాదు చేసే హక్కు ఉండదని మాకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మీటింగుల్లో గొంతులు తగ్గాయి. ఒకళ్ళకి తెలిసిన పని ఇంకొకళ్ళకి నేర్పడం కూడా తగ్గింది. ఏలియాసింగ్ పాఠం అప్పుడు గుర్తొచ్చింది. పోయినవాళ్ళు మా మధ్య ఏదో వేరే రూపంలో తిరుగుతూనే ఉన్నారు.

పదిరోజుల తర్వాత అన్న ఫోన్ చేశాడు. అప్పటికే ఇంటి లోన్ గురించి, పాప స్కూలు ఫీజు గురించి మాట్లాడటం అయిపోయింది. కాసేపు ఊరుకుని అడిగాడు.

"గురూ, ఏ లెక్కన తీశారో నీకేమైనా తెలిసిందా?"

"లేదన్నా. మాకూ చెప్పలేదు."

"మెయిల్లో నీ పనితీరుకీ దీనికీ సంబంధం లేదని రాశారు. నా తప్పని రాసినా బాగుండేది. దిద్దుకునేవాణ్ణి. మా మావగారు రోజూ అడుగుతున్నారు, పదిమందిలో నిన్నే ఎందుకు తీశారయ్యా అని. ఏం చెప్పను?"

నా దగ్గర సమాధానం లేదు. రోమన్ల దగ్గర ఉంది. చీటీ పడింది, అని చెప్పేవాళ్ళు. క్రూరమైనదే కానీ దాపరికం లేని సమాధానం. చీటీకి కారణం ఉండదని అందరికీ తెలుసు, చచ్చినవాడు మిగతా తొమ్మిదిమంది కంటే పిరికివాడని ఎవరూ అనుకోరు. మన కాలంలో చీటీ తీస్తారు గాని దాని పేరు చీటీ అనరు. 'ప్రమాణాలు' అంటారు, చూపించమంటే చూపించరు. దాంతో పోయినవాడు జీవితాంతం కారణం వెతుక్కుంటాడు. అతని మావగారూ వెతుకుతారు. ఉన్నవాడు కూడా వెతుకుతాడు, ఇంకోరకంగా. నేనేదో బాగా చేశాను కాబట్టే ఉన్నానని నమ్మడానికి.

*

ఇప్పుడు మళ్ళీ మాట దగ్గరికి వస్తాను. డెసిమేట్ అంటే పదోవంతా, చాలావరకా అన్న తగువులో నాకు ఆసక్తి తగ్గిపోయింది. వదులుగా వాడండి, ఏం పరవాలేదు. ఫౌలర్ చెప్పినట్టు పక్కన శాతం తగిలించకపోతే చాలు. ఆ మాట పోగొట్టుకున్నది పది కాదు. తొమ్మిది. కొట్టిన తొమ్మిది, బార్లీ తిన్న తొమ్మిది, గోడ బయట పడుకున్న తొమ్మిది. తుఫాను తోటని డెసిమేట్ చేసిందన్నప్పుడు కూలిన చెట్లని మిగతా చెట్లు కొట్టలేదు. జ్వరం ఊరిని డెసిమేట్ చేసిందన్నప్పుడు కూడా అంతే. ఎక్కడో పైనుంచి ఏదో వచ్చి పడింది, కొంత పోయింది. మాట ఇప్పుడు ప్రకృతి విపత్తు భాష మాట్లాడుతోంది. అందుకే ఉద్యోగాల కోతకి ఆ మాట అంత హాయిగా అతుకుతుంది. 'టీము డెసిమేట్ అయింది' అనే ఇంగ్లీషు వాక్యంలో చేసినవాడు కనబడడు. వాన పడింది అన్నట్టు ఉంటుంది.

మన భాష దీనికి అతీతమేమీ కాదు. 'ఉద్యోగం' అనే మాటే చూడండి. పాతర్థంలో అది పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం యుద్ధ సన్నాహాల పర్వం. పూనికనుంచి జీతానికి వచ్చాక, అది మనం చేసేదిగా కాకుండా ఎవరో ఇచ్చేదిగా, తీసేదిగా మారింది. ఆ తీసేదాన్ని ఎలా చెప్తాం? 'ఉద్యోగం పోయింది' అంటాం, గొడుగు పోయినట్టు. లేదా 'తీసేశారు' అంటాం. ఎవరు? తెలుగులో కర్త చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. క్రియ చివర ఆ 'రు' ఒక్కటి చాలు. ఆ 'రు' బహువచనమో, గౌరవమో కూడా తేలదు. అందులో సముద్రానికి ఆవల ఉన్న పెద్దాయన ఉన్నాడు, మధ్యలో జాబితా తయారుచేసినవాళ్ళున్నారు, రెండు లైన్లు చెరిపిన నేనున్నాను, ఏమీ రాయకుండా అప్రూవ్ నొక్కిన ఆ అమ్మాయి కూడా ఉంది. అందరి వాటా ఒకటే అని నేననను. ట్రిబ్యూన్ వాటా, చివరి వరసలో ఒక రాయి విసిరినవాడి వాటా ఒకటి కావు. కానీ ఆ క్రియ మాత్రం అందర్నీ ఒక్క అక్షరంలో దాచేస్తుంది.

కాబట్టి ఇప్పుడు ఆ మాట ఎక్కడ కనబడినా, అనువాదంలోనో, సమీక్షలోనో, వార్తలోనో, నేను ఎంత శాతం అని అడగను. ఎవరు ఏరారు, ఎవరి చేతులతో చేయించారు, మిగిలినవాళ్ళు ఆ తర్వాత ఏం తిన్నారు అని చూస్తాను. చాలా వాక్యాలు ఈ ప్రశ్నలకి సమాధానం చెప్పవు. కొన్నిటికి నిజంగానే చెప్పాల్సిన అవసరం లేదు, తుఫానుకి కర్త తుఫానే. కొన్ని మాత్రం చెప్పాల్సి ఉండీ తప్పించుకుంటున్నాయి.

అన్నకి ఐదునెలల తర్వాత బెంగుళూరులో ఉద్యోగం దొరికింది. ఇప్పుడాయన కింద ఇరవైమంది. పోయినవారం ఫోన్లో మాటల మధ్యలో, అక్కడ రేటింగుల కాలం వచ్చిందని చెప్పాడు. ప్రతి మేనేజరూ తన టీములో అడుగున పదిశాతం ఎవరో చూపించాలట. ఇరవైమందికి ఇద్దరు. "అందరూ బానే చేస్తున్నారు గురూ. ఎవర్ని రాయను?" అన్నాడు. పంపేశావా అని అడిగాను.

"లేదు. శుక్రవారం దాకా టైముంది."